గుంటెడు జాగలో ఎవరెవరున్నారు?

కొండాపూర్‌లోని కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్‌లో, వానలు వెనకబట్టిన ఒక అక్టోబరు ఆదివారం పొద్దున జరిగిన మాటలివి. మా మేనమామ రెవెన్యూ శాఖలో సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు. శేరిలింగంపల్లి చుట్టుపక్కల ఆయన గొలుసు లాగని ఊరు లేదు. నాది మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సెలవు దొరికితే పిట్టల వెంట తిరుగుతాను. ఏ సంగతిలోనూ మా ఇద్దరికీ తొందరగా పొత్తు కుదరదు. కుదరనప్పుడే మామ తనకు తెలిసినదంతా బయటపెడతాడు కాబట్టి ఆయనతో వాదన నాకిష్టం.

మామ: ఎంతసేపు చూస్తవు బిడ్డా గా తీగ దిక్కు? నాకైతే ఏం కనబడ్తలేదు.

నేను: పసిరిక పిట్టలు మామా, వరసగా కూర్చున్నాయి. అదిగో, ఒకటి లేచింది. గాల్లోనే తేనెటీగను పట్టింది. ఇప్పుడు తీగ మీదికి తెచ్చి దాన్ని ఎట్లా బాదుతుందో చూడు. కొండి పోయి, విషం కారిపోయేదాకా బాది, అప్పుడు మింగుతుంది.

మామ: మంచిగనే ఉన్నది. చూసినవు, ఫోన్‌ల రాసుకున్నవు. ఇగ దానితోని ఏమైతది? నేను అడిగేది గదే. ఈ తోట 274 ఎకరాలు. సర్కారు గోడ కట్టింది, చెట్లు పెట్టింది, నడవనీకి బాట ఏసింది. పిట్టలు చూడాలంటె ఇది సాలదా? మరి గచ్చిబౌలి కంచలకు బుల్డోజర్లు వచ్చిన్నాడు నువ్వు అన్నం ముట్టలే. నాకు ఇప్పటిదాక సమజ్ గాలే.

నేను: నీకు అది ఏ లెక్కన కనిపించిందో ముందు చెప్పు.

మామ: లెక్క అంటె కాయితం లెక్కనే. సర్వే నంబరు 25, కంచ గచ్చిబౌలి గ్రామం, శేరిలింగంపల్లి మండలం, 400 ఎకరాలు. పోరంబోకు, సర్కారు జాగ. ఉమ్మడి రాష్ట్రం ఉన్నప్పుడు ఆటల అకాడమీ పెడ్తమన్న కంపెనీకి ఇచ్చిండ్రు, 2006ల రద్దు చేసిండ్రు. కేసులు పద్దెనిమిదేండ్లు నడిచినయ్. 2024ల సుప్రీంకోర్టు దాక పోయి సర్కారే గెల్చింది. అడివి అని ఏ కాయితంల లేదు. లేని అడివిని కొట్టిండ్రు అంటె నేనెట్ల ఒప్పుకోవాలె?

నేను: కాయితంలో లేదు, నిజమే. నేలమీద ఉంది. 1974లో అక్కడే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పెట్టినప్పుడు 2,300 ఎకరాలకు పైగా జాగా చూపించారు. యాభై ఏళ్ళు ఆ పక్క ఎవరూ పెద్దగా కట్టలేదు. రాళ్ళ గుట్టలు, వానాకాలం నిండే కుంటలు, ముళ్ళ పొదలు, గడ్డి వాటి మానాన అవి పెరిగాయి. క్యాంపస్‌ను, ఈ కంచను కలిపి చూసినవాళ్ళు 200కు పైగా పక్షి జాతులు, 700కు పైగా పూమొక్కలు రాశారు. చుక్కల జింకలున్నాయి, నక్షత్ర తాబేళ్ళున్నాయి. 2025 మార్చి 30న, ఉగాది సెలవు రోజున, యంత్రాలు దిగాయి. విద్యార్థులు అడ్డం పడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని నిలిపేసేలోపు సుమారు వంద ఎకరాలు నేలమట్టమైంది. అడవి అని కాయితం చెప్పనంత మాత్రాన అది అడవి కాకుండా పోదని అదే కోర్టు 1996లోనే గోదావర్మన్ కేసులో చెప్పింది కదా. మామూలు మాటల్లో దేన్ని అడవి అంటారో అదే అడవి అని.

మామ: అడివి అన్నాక నీడ ఉండాలె, మానులు ఉండాలె. అది ముండ్లపొదలు, రాళ్ళు. గా సంగతి నేను నడిచి చూసినోణ్ణి. ఇంకో మాట. గప్పుడు ఫోన్లల్ల తిరిగిన బొమ్మల్ల కొన్ని కంప్యూటర్‌ల తయారు చేసినయని సర్కారు చెప్పింది. జింక ఏడ్చినట్టు, నెమలి ఉరికినట్టు. ఏది నమ్మాలె మనిషి?

నేను: ఆ మాట నాక్కూడా గట్టిగా తగిలింది మామా. నేను నడిచేది, చూసేది, రాసేది అందుకే. బొమ్మ ఎవరైనా చేయొచ్చు. ఫలానా తారీఖున, ఫలానా కుంట పక్కన, ఫలానా పిట్ట ఇన్ని కనిపించాయని ఏళ్ళతరబడి రాసిన జాబితాను ఒక్క రాత్రిలో తయారు చెయ్యలేరు. ఆ నాలుగు రోజుల్లో అక్కడేముందో దేశానికి చెప్పగలిగారంటే, అంతకుముందు ఎవరో పనిగట్టుకుని తిరిగి రాసి పెట్టబట్టే. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పిట్టల్ని లెక్కపెడతారు, అందులో క్యాంపస్‌ల లెక్క వేరుగా ఉంటుంది. అట్లాంటి రాతలే.

మామ: సర్వే అంటున్నవు అన్నట్టు.

నేను: సర్వేనే. నిజాం కాలంలో భూమి కొలిపించినట్టే పిట్టల సర్వే కూడా చేయించారు తెలుసా? సలీం అలీ 1931-32లో హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి రాశాడు. అప్పుడు ఏ తాలూకాలో ఏ పక్షి ఉందో ఇప్పటికీ తీసి చూసుకోగలుగుతున్నాం.

(మామ ఇక్కడ ఆగాడు. ట్రాకు దిగి, కంచె వైపు, తోటమాలి చెయ్యి పడని మూలకు నన్ను తీసుకుపోయాడు. గోడ అవతల కొత్తగూడ ఫ్లైఓవర్ హోరు. ఆయన ఒక రాయిని కాలితో తన్ని గుర్తుపెట్టి, అక్కణ్ణించి పదకొండు గజాలు నడిచాడు. మళ్ళీ అడ్డంగా పదకొండు గజాలు. నలుదిక్కులా నాలుగు రాళ్ళు పెట్టాడు.)

మామ: ఇది గుంట. ముప్పై మూడడుగులు ఇట్ల, ముప్పై మూడడుగులు అట్ల, 121 గజాలు. ఇసువంటియి నలభై అయితె ఎకరం. నేనైతె పంచనామల ‘ఖాళీ జాగ, ముండ్లపొద’ అని రాసి సంతకం పెడ్త. కాదని నువ్వు రుజువు చెయ్యి.

నేను: జిల్లేడుతో మొదలుపెడతా. ఆకు తిప్పి చూడు. తెలుపు, నలుపు, పసుపు చారల పురుగు. ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక పిల్ల ఇది. జిల్లేడు పాలు విషం.

మామ: మేక గూడ ముట్టది.

నేను: మేక ముట్టనిదాన్ని ఇది మేస్తుంది. మేసి ఆ విషాన్ని ఒంట్లోనే ఉంచుకుంటుంది. రెక్కలొచ్చాక కూడా విషం పోదు. తెలియక తిన్న పిట్ట కక్కుకుంటుంది. నారింజ రంగు రెక్క, నల్లటి అంచు, అంచులో తెల్ల మచ్చలు, ఇట్లాంటిదాని జోలికి ఆ పిట్ట మళ్ళీ పోదు. అందుకే చూడు, ఎంత నింపాదిగా ఎగురుతుందో. ఇప్పుడు ఆ రాయి మీద ఎండ కాగుతున్నదాన్ని చూడు.

మామ: అదీ గదే కద. అదే రంగు, అవే మచ్చలు.

నేను: ఇంకొంచెం దగ్గరికి పో. నీడ మీద పడనీయకు. ప్లెయిన్ టైగర్‌కు వెనక రెక్క మధ్యలో మూడు నాలుగు నల్ల చుక్కలుంటాయి. దీనికి అవి లేవు, పైకి ఒకటే ఉంది. ఇది వేరే జాతి, డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది. దీని ఒంట్లో విషం లేదు. విషమున్నదాని రంగు తొడుక్కుని బతుకుతుంది. మగదైతే అసలు పోలికే ఉండదు, నల్లటి రెక్కల మీద పెద్ద పెద్ద తెల్ల మచ్చలు, వాటి చుట్టూ ఊదా మెరుపు. దీని పిల్లలు ఏం తింటాయనుకున్నావ్? నీ కాలి కింద పాకుతున్నదే, గంగవాయిలి కూర.

మామ: గంగవాయిలి కూరనా? మా అమ్మ పప్పుల ఏసేది.

నేను: అదే. జిల్లేడు లేకపోతే ఈ గుంటలో ప్లెయిన్ టైగర్ ఉండదు. ప్లెయిన్ టైగర్ లేకపోతే ఈ రంగంటే పిట్టలకు భయం ఉండదు, దీని వేషం పనిచెయ్యదు. గంగవాయిలి లేకపోతే ఇక్కడ దీని పిల్లలకు తిండే లేదు. నువ్వు ‘ముండ్లపొద’ అని రాసిన జాగాలో ఈ నాలుగింటికీ ఇంత ముడి ఉంది.

మామ: కానియ్. ఇంక?

నేను: తంగేడు. బతుకమ్మ రోజులు కదా, మోకాలెత్తు మొక్క కూడా పూత మీద ఉంది. 2014లో దీన్ని రాష్ట్ర పుష్పం చేశారు. ఈ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే. అదీ ఊరికే రాలదు. నల్లగా బొద్దుగా ఉండే ఆ తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని రెక్కలు కదలకుండా ఒళ్ళు మాత్రం ఝుమ్మని వణికిస్తుంది. ఆ వణుకుకు పుప్పొడి సన్న రంధ్రంలోంచి బయటికి చిమ్ముతుంది. చెవి పెట్టు, ఎగిరేటప్పటి రొద కన్నా పువ్వు మీది రొద సన్నగా ఉంటుంది. తంగేడు లేతాకు మీద వెలిసిన పసుపు రంగు సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. పక్కనే గునుగు. బతుకమ్మలో తంగేడు మీది వరసకు వచ్చేది అదే. అటు తుమ్మి, తెల్లగా. తుమ్మి పూల చుట్టూ సన్న నీలం రెక్కలవి తిరుగుతున్నాయి, వేలి గోరంత ఉంటాయి. రాతి సందులో విష్ణుక్రాంత, నేలకు అంటుకుని నీలం పువ్వు. ఇది ఎండెక్కే కొద్దీ ముడుచుకుంటుంది. పల్లేరు, ఉత్తరేణి, గలిజేరు, రెడ్డివారి నానబాలు. గడ్డిచామంతి ఎక్కడో అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్క, అయినా తేనె కోసం దాని మీద వాలని చిన్న సీతాకోకచిలుక లేదు.

మామ: వయ్యారిభామ గూడ ఉన్నది సూడు. దాన్ని సెప్పకుంట దాటేసినవు.

నేను: ఉంది. అది పెరిగితే పక్కవాటిని మొలవనియ్యదు. దాన్నీ రాస్తాను. పెరుగుతుందా తగ్గుతుందా అన్నది రాస్తేనే తెలుస్తుంది.

మామ: కత మంచిగ సెప్పినవు. నేను కాదంటలేను. కాని జిల్లేడు మొలవని రోడ్డు ఉన్నదా హైదరాబాద్‌ల? గంగవాయిలి పూలకుండీల గూడ వస్తది. ఇవి బతకనీకి 400 ఎకరాలెందుకు? పిట్టలకు రెక్కలున్నయ్, ఎగిరిపోతయ్. గండిపేటకు పోతయ్, అనంతగిరికి పోతయ్.

నేను: మొదటి మాట ఒప్పుకుంటా. ప్లెయిన్ టైగర్‌కు రోడ్డు పక్క చాలు. కంసాలి పిట్టకు ఎండుకొమ్మ ఉన్న ఏ మర్రి అయినా చాలు. గోరింకకు, పావురానికి ఊరే కావాలి. వాటి గురించి నాకు రంది లేదు. తీతువ సంగతి వేరు. అది గూడు కట్టదు. ఎండాకాలంలో బీడులో, రాళ్ళ మధ్య, రాళ్ళ రంగు గుడ్లు పెడుతుంది. మనిషి దగ్గరికొస్తే అరిచి గోల చేసి పక్కకు మళ్ళిస్తుంది. కౌజు పిట్ట పొద కింద గుంటలో పెడుతుంది. పూరేడు గడ్డిలో పెడుతుంది. వీటికి కావలసింది చెట్టు కాదు, తొక్కిడి లేని నేల. నక్షత్ర తాబేలుకైతే రెక్కలూ లేవు. అది గండిపేటకు పోవాలంటే అవుటర్ రింగు రోడ్డు దాటాలి.

మామ: పిట్టలు?

నేను: ఎగిరిపోతాయి సరే, పోయినచోట ఆ జాగా ఖాళీగా ఉంటుందా? అక్కడ అప్పటికే వేరే జంట ఉంటుంది. తిండీ గూడూ వాటికే సరిపోనప్పుడు కొత్తవాటిని రానివ్వవు. ఆ ఏడాది పిల్లలు పెట్టవు. ఎక్కడా శవం కనిపించదు కాబట్టి ఎగిరిపోయాయి అనుకుంటాం.

మామ: సరే, చెట్లు పెడ్తరు కద. కొట్టిన దానికి పదింతలు పెడ్తమంటరు. 2015 నుంచి హరితహారం పేరు మీద ఎన్ని మొక్కలు పెట్టిండ్రో నా కండ్లతోని చూసిన.

నేను: పాలపిట్టను ఎట్లా చూసేవాళ్ళు మీరు, దసరాకు?

మామ: జమ్మికి పోయేటప్పుడు. ఊరి బయట చెల్కల పొంటి పోతుంటె తుమ్మ కొమ్మ మీదనో, స్తంభం మీదనో ఒక్కటే కూసునుండేది. లేసిందంటె రెక్కల నీలం... సుట్టు ఉన్నోళ్ళంత దండం పెడ్తుండ్రి.

నేను: ఎందుకు అక్కడ కూర్చుంటుందో చూడు. కొమ్మ మీంచి నేల మొత్తం కనబడాలి. మిడతో తేలో కదిలితే దిగి పట్టాలి. నేల కనబడకుండా దగ్గర దగ్గరగా చెట్లు పెడితే పాలపిట్ట ఆకలితో పోతుంది. రాష్ట్ర పక్షి అదే, రాష్ట్ర వృక్షం జమ్మి, రాష్ట్ర పుష్పం తంగేడు, రాష్ట్ర జంతువు జింక. నాలుగూ చిక్కటి అడవివి కావు మామా. ఎండ తగిలే బీడువి, పొదలవి. మన నేల అట్లాంటిది. ముళ్ళపొద పీకి చెట్లు నాటితే అడవి పెరిగిందని లెక్క రాసుకుంటాం, పాలపిట్ట పోతుంది. కనబడక చివరికి దసరా నాడు ఎవడో దాన్ని పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి పైసలకు చూపిస్తాడు. 1972 చట్టం ప్రకారం అది నేరం. అయినా జరుగుతూనే ఉంది.

మామ: ముండ్లపొదకు గింత ఇజ్జత్ ఉన్నదని ఎవలు సెప్పలే మాకు. సర్వే పాఠంల ‘సాగుకు పనికిరానిది’ అనే ఉంటది.

నేను: ఇప్పటికీ అంతే. దేశం మొత్తం బంజరు భూముల అట్లాస్ ఉంది. మన బాలానగర్‌లో ఉన్న రిమోట్ సెన్సింగ్ కేంద్రమే ఉపగ్రహం ఫోటోలతో తయారు చేసి ఇస్తుంది. అందులో దట్టమైన పొదలున్న నేల, పలచని పొదలున్న నేల రెండూ బంజరు కిందికే వస్తాయి. పైనుంచి చూస్తే కౌజు కనబడదు. మరి కలివికోడి సంగతి విన్నావా?

మామ: కడప దిక్కుది?

నేను: అవును. 1900 తరవాత ఏ శాస్త్రజ్ఞుడికీ కనిపించలేదు. అంతరించిపోయిందని పుస్తకాల్లో రాసేసుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి వచ్చిన భరత్ భూషణ్‌కు లంకమల్ల దగ్గర దొరికింది. దొరకబట్టింది అక్కడి వేటగాళ్ళ సాయంతోనే. వాళ్ళకు అది కొత్త పిట్ట కాదు. పేరు కూడా వాళ్ళదే. రాత్రి పూట ముళ్ళపొదల మధ్య నడిచే పిట్ట. పొదలు మరీ దట్టమైనా ఉండదు, మరీ కొట్టేసినా ఉండదు. దానికోసం అభయారణ్యం ప్రకటించారు, తర్వాత తెలుగుగంగ కాలువ దారే మార్చారు. మళ్ళీ దొరికాక ప్రపంచంలో అది ఉన్నట్టు తెలిసింది మన రాయలసీమ ముళ్ళపొదల్లోనే. ‘పనికిరానిది’ అని రాసిన నేలలో.

(ఈ కథ చెబుతున్నంతసేపూ మామ కింద కూర్చుని చెప్పుకు అంటిన పల్లేరు కాయలు పీకుతున్నాడు. లేచి దులుపుకున్నాక గొంతు మారింది. ఆయన అన్నవాటిలో నాకు జవాబు సరిగ్గా దొరకనిది ఇక్కణ్ణించే మొదలైంది.)

మామ: వేటగాళ్ళ మాట నువ్వే ఎత్తినవు కాబట్టి అడుగుత. కంచ అంటె ఏంది? గొడ్లు మేసే జాగ. కొత్తగూడల, నల్లగండ్లల, గోపన్‌పల్లిల గొర్లోళ్ళు, మేకలోళ్ళు తరతరాలు మేపిండ్రు. మేక తినంగ తినంగ పొద ఎదగకపోతుండె. నడుమ గడ్డి నడుమ పొద, నువ్వు పాలపిట్టకు కావాలన్న నేల గట్లనే అయింది. ఎవలు చేసిండ్రు? మేకలు చేసినయ్. మరి గోడ కట్టిన్నాడు మొదలు బయటికి పోయింది ఎవలు? ఇయాల్ల ఈ తోటకు టికెట్ కొని లోపటికి వచ్చేది ఎవలు? అపార్ట్‌మెంటోళ్ళు, ఆఫీసోళ్ళు, ఫోన్‌ల పేర్లు చూసుకునేటోళ్ళు. తీతువ గుడ్డు ఎక్కడుంటదో ఎరికైనోణ్ణి కాపలా పెట్టి గేటు బయట నిలబెడ్తరు. గిదేం న్యాయం?

నేను: న్యాయం కాదు. నువ్వన్న ఇంకో మాట కూడా నిజం. మేత ఆగినచోట ఏం జరిగిందో అటు చూడు. లాంటానా గోడలాగా అల్లుకుంది, దాని వెనక సుబాబుల్. ఇంతకుముందు నడిచొచ్చిన ట్రాకు పక్కన పదిరకాల పూలు రాశాను, లాంటానా కింద ఒక్కటీ లేదు. మేకలు తీసేస్తే అడవి వస్తుందనుకున్నవాళ్ళకు లాంటానా వచ్చింది. ఎంత మేత ఉంటే పొద నిలుస్తుంది, ఎంత దాటితే నేల బోడి అవుతుంది, అది మేపినవాళ్ళను కూర్చోబెట్టుకుని తేల్చవలసిన సంగతి.

మామ: కూసోబెడ్తరా ఎవలన్న?

నేను: ఇప్పటిదాకా కూర్చోబెట్టలేదు.

మామ: అగో. ఇగ నీ జీతం సంగతి. 1998 నవంబరు 22 నాడు వాజపేయి వచ్చి సైబర్ టవర్స్ మొదలుపెట్టినప్పుడు మాదాపూర్‌ల రాళ్ళు, సీతాఫలం చెట్లు తప్ప ఏం లేకుండె. ఎగతాళి చేసినోళ్ళున్నరు. ఇయాల్ల చూడు. మన ఊర్ల పొల్లగాండ్లు, పొల్లలు, దేవరకొండ నుంచి, సిరిసిల్ల నుంచి వచ్చి కొలువులు చేస్తుండ్రు. నువ్వు గూడ. మీ అమ్మ ఇల్లు కట్టింది నీ జీతంతోనే. గా రోజు నీలెక్క ఎవలన్న పిట్టలున్నయని అడ్డం పడితె?

నేను: నా కొలువు ఆ రాళ్ళు పగలగొట్టిన జాగాలోనే ఉంది, కాదనను. వాటిలో కొన్ని 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైట్. వద్దని ఆ రోజు చెప్పినవాళ్ళూ ఉన్నారు, రాళ్ళను కాపాడే సొసైటీ అప్పటికే పుట్టింది. ఖాజాగూడ గుట్టలు ఈ మాత్రం మిగిలాయంటే వాళ్ళు అరవబట్టే. కానీ మామా, 1998లో చుట్టూ ఎటు చూసినా కంచే. ఒకటి పోతే ఇంకోటి ఉండేది. ఇప్పుడు నార్సింగి దాకా, కొల్లూరు దాకా నిండిపోయాక మిగిలినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఈ తోట, యూనివర్సిటీ, అమీన్‌పూర్ చెరువు, ఇట్లాంటివి. ఆఫీసు కట్టడానికి ఇంకో జాగా వెతకొచ్చు. యాభై ఏళ్ళు ముట్టుకోని నేలను ఎక్కడ వెతకాలి?

మామ: జాగ ఎతకొచ్చు అంటవు. పైసల సంగతి? 2023ల కోకాపేట వేలంల ఎకరం 100 కోట్లు దాటింది. 40 గుంటలు. అంటె గీ నాలుగు రాళ్ళ నడుమ జాగ 2.5 కోట్లు. సర్కారుకు ఆసుపత్రులు కట్టాలె, బడులు కట్టాలె. నీ పురుగు పేరు చెప్పి రెండున్నర కోట్లు వదులుకొమ్మంటె ఏ ఆఫీసరన్న సంతకం పెడ్తడా?

నేను: పెట్టడు. ఆయన ముందున్న కాయితంలో పురుగు లేదు కాబట్టి. ఒక పక్క 2.5 కోట్లు అని అంకె ఉంది. ఇంకో పక్క ‘ఖాళీ జాగ, ముండ్లపొద’ అని నువ్వు రాసిన మాట ఉంది. అట్లా ఉంటే నేనైనా అమ్మేస్తా. నా గొడవంతా ఆ రెండో పక్క గురించే.

(దీనికి మామ వెంటనే ఏమీ అనలేదు. గోడ వైపు చూశాడు. ఒక తుమ్మ కొమ్మకు వేలాడుతున్న గిజిగాడి గూళ్ళలో సగానికి అల్లిక పూర్తి కాలేదు. మగది సగం అల్లి పిలుస్తుంది, ఆడది చూసి మెచ్చితేనే మిగతా సగం కడుతుంది. మెచ్చనివి అట్లాగే ఉండిపోతాయి. నేను వాటిని లెక్కపెట్టి రాసుకున్నాను.)

మామ: ఫోన్‌ల రాసినవా?

నేను: ఈబర్డ్‌లో.

మామ: గది ఎవలది? అమెరికోళ్ళది కద. రేపు ఆర్డీవో ముంగట నిలబడి ఇది చూపిస్తె ఆయన ఏమంటడు? ‘అమ్మా, ఇది రికార్డు కాదు’ అంటడు. నేనున్నా గదే అంటుంటి. కోర్టు దాక పోయినంక పనికొస్తదేమో, ఎమ్మార్వో ఆఫీసుల పనికిరాదు. యంత్రాలు బయల్దేరేది ఎమ్మార్వో ఆఫీసు నుంచి, కోర్టు నుంచి కాదు.

నేను: అట్లాంటి రికార్డుకు చట్టంలో చోటుంది మామా. 2002 జీవవైవిధ్య చట్టం. ప్రతి స్థానిక సంస్థ ఒక జీవవైవిధ్య కమిటీ వెయ్యాలి, ఆ కమిటీ ఊరివాళ్ళతో మాట్లాడి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారు చెయ్యాలి. ఏ మొక్క, ఏ పిట్ట, ఏ పశువు, వాటి గురించి ఎవరికేం తెలుసు, అన్నీ అందులో రాయాలి. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలం అని ప్రకటించింది కూడా ఆ చట్టం కిందే. దేశంలో ఊరి మధ్య ఉన్న చెరువుకు ఆ పేరు రావడం అదే మొదలు. 2012 అక్టోబరులో ఆ చట్టానికి మూలమైన అంతర్జాతీయ ఒప్పందం సభ జరిగింది ఎక్కడో కాదు, ఇక్కడికి దగ్గర్లోని హెచ్ఐసీసీ సభామందిరంలో. ఎన్నో దేశాల వాళ్ళు వచ్చారు. గచ్చిబౌలిలో బయోడైవర్సిటీ పార్కు, ఆ జంక్షన్ పేరు అప్పటివే.

మామ: చట్టం ఉన్నది, కమిటీ ఉండాలె, రిజిస్టర్ ఉండాలె. మరి నువ్వు ఫోన్‌ల రాసుకుంట తిరుగుతవేంది? ఎన్నడన్న ఆ రిజిస్టర్ ఏడున్నదని అడిగినవా?

నేను: దరఖాస్తు పెట్టాలనుకుంటున్నా.

మామ: అనుకునుడు కాదు. విను. పేజీకి పైన సర్వే నంబరు రాయాలె. నలుదిక్కుల హద్దులు రాయాలె, ఉత్తరానికి ఏముంది, తూర్పుకు ఏముంది. తారీఖు, పొద్దుటి యాళ్ళనా మాపటి యాళ్ళనా. చూసినోళ్ళు ఇద్దరి సంతకాలు, సాక్షులు ఇద్దరివి. ‘సుమారు’ అని రాయొద్దు. చూసినయి నాలుగైతె నాలుగే రాయి. చూడంది రాయకు. ఒక్క తప్పు దొరికితె రిజిస్టరు మొత్తం కొట్టేస్తరు. తెలుగుల రాయాలె, గ్రామసభల చదివితె తెలువాలె. పటం నేను గీస్త.

నేను: నెలకోసారి రాయాలి మామా. జూన్‌లో వానతో పాటు వచ్చే చాతకం అక్టోబరు దాటితే కనబడదు. గులాబీ గోరింకలు చలికాలంలోనే వస్తాయి. ఒక్కసారి చూసి రాస్తే సగం పిట్టలు లేవని తేలుతుంది.

మామ: నెలకోసారి అంటె పహాణీ కన్న ఎక్కువ పని. సరే. కాని ఒక షరతు. మొదటి పేజీల మేకలుండాలె. ఏ ఊరోళ్ళు మేపిండ్రు, ఏ కాలంల ఏ దిక్కు మేపిండ్రు, ఎందుకు బందయింది. అది రాయకుంట పిట్టల పేర్లే రాస్తనంటె నేను సంతకం పెట్ట.

నేను: పెట్టు. మొదటి పేజీ వాళ్ళదే. ఇప్పుడు చెప్పు, ఈ గుంటకు ఏం రాస్తావ్?

మామ: ‘ఖాళీ జాగ’ కొట్టేస్త. ‘ముండ్లపొద’ ఉంటది, అది నిజమే కాబట్టి. కింద నీ లెక్క రాసుకో. కంచ సంగతిల మాత్రం నేను మారలే. సర్కారు జాగ సర్కారుదే.

నేను: సర్కారుదే. అమ్మేముందు సర్కారు తన రిజిస్టరు తాను చదువుకోవాలి అంటున్నా.

మామ: ముందు రిజిస్టరు ఉండనియ్. వచ్చే ఆదివారం పొద్దు పొడవకముందే లే. పాత కొత్తగూడల గొర్లు కాసిన ముసలాయన ఉన్నడు, నేను కొలతలకు పోయినప్పుడు గొలుసు కొన పట్టేటోడు. పైడికంటి గూబ ఏ తొర్రల ఉంటదో, కౌజులు ఏ దిక్కు కూస్తయో ఆయనను అడుగుదాం. ఆయన ఏ పేరు చెప్తె ఆ పేరే రాయాలె. ఫోన్ ఇంట్ల పెట్టి రా.

నేను: ఫోన్ తెస్తా మామా. ఆ కూత రికార్డు చెయ్యాలి, సాక్ష్యం కావాలన్నావు కదా.

మామ: తే అయితె. కాయితం గూడ తే.